రెండు రేవుల నడుమ రైలు: కోటిపల్లి చరిత్ర, కోనసీమ ఆర్థికం

దవళేశ్వరం దాటిన తర్వాత గోదావరి నది గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలి, వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ అనే పాయ విడివడి, మూడూ వేర్వేరు చోట్ల బంగాళాఖాతంలో కలుస్తాయి. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, నది చీలిన చోట సన్నని కొనతో మొదలై సముద్రతీరం దాకా విచ్చుకున్న నేలనే కోనసీమ అంటారు. కొత్తపేట, అమలాపురం, రాజోలు ఈ నేలలోని ముఖ్య పట్టణాలు. ఈ నేలకు తూర్పున గౌతమి ఆవలి గట్టు మీద కోటిపల్లి, పడమట వసిష్ఠ ఆవలి గట్టు మీద నరసాపురం ఉన్నాయి. రెండూ రేవులే, రెండూ రైలు మార్గాలకు చివరి స్టేషన్లే. కాకినాడ నుంచి వచ్చిన పట్టాలు కోటిపల్లిలో ఆగిపోగా, భీమవరం, పాలకొల్లు మీదుగా వచ్చిన పట్టాలు నరసాపురంలో ఆగిపోయాయి. ఈ రెండు కొసల మధ్య మిగిలిపోయిన ఖాళీయే కోనసీమ రైల్వే చరిత్రకు మూలం. ఆ ఖాళీ ఎందుకు ఏర్పడింది, దానివల్ల కోటిపల్లి వంటి చిన్న రైల్వే ఊరు ఎలా పుట్టి, ఎలా అణగి, మళ్ళీ ఎలా లేచింది, ఆ ఊరి భవిష్యత్తు నదికి ఆవల ఉన్న కొబ్బరితోటలతో ఎందుకు ముడిపడి ఉంది అన్న విషయాలను వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

రైలు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే కోటిపల్లి రేవుగా, క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. ఇక్కడి సోమేశ్వరస్వామి ఆలయానికి శివరాత్రికీ, కార్తిక మాసంలోనూ, గోదావరి పుష్కరాలకూ యాత్రికులు వస్తారు. పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం కూడా ఇక్కడికి కొద్ది దూరంలోనే ఉంది. ఎదుటి గట్టున ముక్తేశ్వరం, దాని సమీపంలో అయినవిల్లి విఘ్నేశ్వరాలయం ఉన్నందువల్ల, ఈ రెండు గట్ల మధ్య రాకపోకలు వ్యాపారం కోసమే కాక దైవదర్శనం కోసమూ సాగాయి. రేవు అంటే పడవ ఆగే చోటు మాత్రమేనని అనుకోరాదు. నదిని దాటించే హక్కును ఏటా వేలంలో పాడుకునే పద్ధతి ఉండేది, దానినే రేవు పాట అంటారు. పాట పాడుకున్న గుత్తేదారు, పడవ నడిపే సరంగులు, సరుకు ఎత్తి దించే కూలీలు, గట్టు మీద పూటకూళ్ళ ఇళ్ళు, బండ్లవాళ్ళు, అందరూ కలిసి రేవును చిన్న ఆర్థిక వ్యవస్థగా మలిచారు. రెండు పడవలను జతచేసి పైన బల్లలు పరిచి కట్టిన తెప్పను పంటు అంటారు. మనుషులతోపాటు ఎడ్లబండ్లూ, తరువాతి కాలంలో మోటారు సైకిళ్ళూ, కార్లూ కూడా పంటు మీదనే గౌతమిని దాటాయి. ఇంత రద్దీ ముందే ఉన్న రేవు కనుకనే రైలు మార్గం కోటిపల్లిని తన గమ్యంగా ఎంచుకుంది.

అయితే గోదావరి డెల్టాకు రవాణా విప్లవం తెచ్చినది రైలు కాదు, కాలువ. 1840లలో రాజమండ్రి జిల్లా కరవులతో, వరదలతో చితికిపోయిన స్థితిని సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో నివేదించగా, ఆర్థర్ కాటన్ రూపకల్పనలో దవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టాను తూర్పు, మధ్య, పశ్చిమ భాగాలుగా విభజించి కాలువలు తవ్వారు. వాటిలో మధ్య డెల్టాయే కోనసీమ. వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి లంకల వైపు దాటించడానికి గన్నవరం వద్ద రాతి కమానులతో అక్విడక్టును, అంటే నది మీదుగా కాలువను మోసే వంతెనను, 1850లలోనే కట్టారు. ఈ కాలువలు పొలాలకు నీరివ్వడంతోపాటు పడవలకు దారి కూడా అయ్యాయి. కాలువలో నీటి మట్టం మారే చోట రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిని నింపుతూ లేదా వదులుతూ పడవను పైకి ఎక్కించే, కిందికి దించే కట్టడాన్ని లాకు అంటారు. ధాన్యం, కొబ్బరి, అరటి, కలప, సున్నం లాకుల మీదుగా కాకినాడ రేవుకూ, రాజమండ్రికీ చేరేవి. గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగే మనుషుల శ్రమే ఆ రవాణాకు ఇంధనం.

ఇక్కడ ఒక విధాన వివాదాన్ని గుర్తించాలి. భారతదేశానికి రైలు మార్గాలకంటే నౌకాయానానికి పనికివచ్చే కాలువలే చవకైనవనీ, ఎక్కువ మేలు చేసేవనీ కాటన్ జీవితాంతం వాదించాడు. కాలువ ఒకే ఖర్చుతో పంటకు నీటినీ, సరుకుకు దారినీ ఇస్తుందనీ, రైలు దారిని మాత్రమే ఇస్తుందనీ ఆయన తర్కం. ఆనాటి ప్రభుత్వం మాత్రం సైనిక అవసరాలనూ, రేవు పట్టణాలను లోపలి ప్రాంతాలతో త్వరగా కలిపే అవసరాన్నీ దృష్టిలో పెట్టుకొని రైలు మార్గాలనే ప్రోత్సహించింది. దాని ఫలితంగా కాలువల ద్వారా బాగుపడిన గోదావరి డెల్టా, తన పడవ మార్గాలతోనే తృప్తి చెందవలసిన ప్రాంతంగా మిగిలింది. కాలువలున్న చోట రైలు అవసరం అంత తొందరైనదిగా కనిపించకపోవడం, నేల నిండా నీటి పాయలుండడంవల్ల రైలు నిర్మాణం ఖరీదైనది కావడం అనే రెండు కారణాలూ కోనసీమకు ప్రతికూలమయ్యాయి.

మద్రాసునూ కలకత్తానూ కలిపే తూర్పుతీర రైలు మార్గంలో విజయవాడకు ఉత్తరాన ఉన్న భాగాలు 1893 నుంచి 1896 మధ్య తెరుచుకోగా, రాజమండ్రి వద్ద గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో రాకపోకలకు సిద్ధమైంది. నది పాయలుగా చీలకముందే ఒక్క వంతెనతో దాటడం ఇంజనీరింగు దృష్టితో సరైన నిర్ణయం. కానీ ఆ నిర్ణయంతోనే డెల్టా లోపలి భాగమంతా ప్రధాన మార్గానికి దూరమైంది. సామర్లకోట నుంచి కాకినాడ రేవుకు విడిగా ఒక శాఖ వేశారు. ఒకే నది మీద రాజమండ్రి వద్ద 1900లో ఒకటి, 1974లో రోడ్డూ రైలూ కలిసిన మరొకటి, 1997లో కమాను ఆకారంలో ఇంకొకటి, ఇలా మూడు రైలు వంతెనలు వెలిశాయి. అదే నది దవళేశ్వరానికి దిగువన పాయలుగా మారిన తర్వాత, ఇరవయ్యో శతాబ్దం ముగిసేనాటికి ఏ ఒక్క పాయ మీదా రైలు వంతెన లేదు.

డెల్టా తూర్పు భాగపు కొరతను కొంతవరకు తీర్చడానికి 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి సుమారు 45 కిలోమీటర్ల బ్రాంచి లైను తెరిచారు. ప్రధాన మార్గం నుంచి విడివడి ఒక లోపలి ప్రాంతానికి వెళ్ళి అక్కడితో ఆగే పట్టాలను బ్రాంచి లైను అంటారు. పట్టాలు ముగిసే స్టేషనును టెర్మినస్ అంటారు. కరప, వేలంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా సాగే ఈ మార్గం అంతా తూర్పు డెల్టా వరిపొలాల మధ్య నుంచే పోతుంది. రామచంద్రపురం ధాన్యపు వ్యాపారానికీ, ద్రాక్షారామం యాత్రకూ, కోటిపల్లి రేవుకూ ప్రసిద్ధమైనవి కనుక, ఒక చిన్న మార్గానికి కావలసిన సరుకూ ప్రయాణికులూ రెండూ దొరికే అవకాశం కనిపించింది. అంతకంటే ముఖ్యంగా, గౌతమికి అవతలనున్న కోనసీమ సరుకు పడవల మీద కోటిపల్లి గట్టుకు చేరి, అక్కడ రైలెక్కి కాకినాడకూ, సామర్లకోటకూ, అక్కడి నుంచి దేశమంతటికీ వెళ్ళగలదన్న ఆశ ఆ మార్గానికి ఉండేది. ఒక స్టేషనుకు సరుకునూ ప్రయాణికులనూ పంపే చుట్టుపక్కల ప్రాంతాన్ని అర్థశాస్త్రవేత్తలు ఆ స్టేషను పృష్ఠభూమి అంటారు. కోటిపల్లికి దక్కిన అసలు పృష్ఠభూమి నదికి అవతల ఉండడమే దాని బలమూ, దాని బలహీనతా.

ఆ బలహీనత త్వరలోనే బయటపడింది. బస్తా పొలం నుంచి బండికీ, బండి నుంచి పడవకూ, పడవ నుంచి గట్టుకూ, గట్టు నుంచి వ్యాగనుకూ చేతులు మారిన ప్రతిసారీ కూలి పెరుగుతుంది, సరుకు కొంత తరుగుతుంది, ఒక పూట గడుస్తుంది. రైలు కిరాయి ఎంత తక్కువైనా ఈ ఎత్తుదింపుల ఖర్చు దానిని మింగివేస్తుంది. దీనికి తోడు ఈ మార్గం తెరుచుకున్న మరుసటి ఏడాదే ప్రపంచ ఆర్థిక మాంద్యం మొదలై, డెల్టాలో ధాన్యం ధరలు దారుణంగా పడిపోయాయి. అదే దశకంలో మోటారు బస్సులూ లారీలూ పల్లెల్లోకి వచ్చి, స్టేషను దాకా నడవనక్కరలేకుండా ఊరి నడుమనే ప్రయాణికులను ఎక్కించుకొన్నాయి. రోడ్డుకూ రైలుకూ మధ్య పోటీ దేశమంతటా ఎంత తీవ్రమైందంటే, దానిని పరిశీలించడానికి ప్రభుత్వం నియమించిన మిచెల్, కర్క్‌నెస్ 1933లో ఒక నివేదికే సమర్పించారు. తక్కువ దూరపు బ్రాంచి లైన్లే ఈ పోటీలో ముందుగా దెబ్బతిన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధం ఈ మార్గం కథను అర్ధాంతరంగా ముగించింది. యుద్ధరంగాలకు ఉక్కు పట్టాలు అత్యవసరమైనప్పుడు, ఆదాయం తక్కువగా ఉన్న బ్రాంచి లైన్లను పీకి ఆ సామగ్రిని తరలించే విధానాన్ని ప్రభుత్వం చేపట్టగా, 1940లో కాకినాడ–కోటిపల్లి పట్టాలు కూడా లేచిపోయాయి. పన్నెండేళ్ళకే ఒక రైల్వే ఊరు రైలు లేని ఊరయింది. కట్ట మిగిలింది, పట్టాలు మిగలలేదు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో అక్కడి బియ్యం దిగుమతి ఆగిపోయి, దేశానికి గోదావరి డెల్టా ధాన్యం మునుపెన్నడూ లేనంత అవసరమైంది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అంటే తూర్పు డెల్టా బియ్యాన్ని దేశానికి చేర్చవలసిన కాలం సరిగ్గా వచ్చేసరికి, ఆ పనికి తోడ్పడగల పట్టాలు అప్పటికే తీసివేయబడ్డాయి. ఒక మార్గం విలువను ఆ ఏటి టిక్కెట్ల రాబడితో మాత్రమే కొలిస్తే ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు. బ్రిటనులో 1963లో బీచింగ్ నివేదిక ఆదాయం చాలని బ్రాంచి లైన్లనూ, రెండు వేలకు పైగా స్టేషన్లనూ మూసివేయాలని సూచించినప్పుడు కూడా ఇదే ప్రశ్న తలెత్తింది. కొమ్మలను నరికితే మానుకు చేరే రసం కూడా తగ్గుతుందని అక్కడివారు ఆలస్యంగా గ్రహించారు.

తరువాతి అరవై నాలుగేళ్ళూ కోటిపల్లి మళ్ళీ రేవుగానే బతికింది. రైలు లేని ఆ కాలంలో కోనసీమ ముఖద్వారం ఉత్తరానికి మారింది. జాతీయ రహదారి గౌతమిని జొన్నాడ–రావులపాలెం మధ్య, వసిష్ఠను సిద్ధాంతం వద్ద వంతెనలతో దాటడంతో, ఆ రెండు వంతెనల నడుమనున్న రావులపాలెం లారీలూ బస్సులూ కలిసే కూడలిగా, లంకల్లో పండే అరటి గెలలకు పెద్ద బజారుగా ఎదిగింది. రైల్వే కూడలి చేయవలసిన పనిని రోడ్డు కూడలి చేసింది. అమలాపురం నుంచి రైలెక్కదలచినవారు సుమారు 60, 65 కిలోమీటర్లు ప్రయాణించి కాకినాడకో రాజమండ్రికో వెళ్ళేవారు, రాజోలు వైపువారు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరేవారు. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన పూర్తయిన తర్వాత తూర్పు వైపు ప్రయాణం సుగమమైంది, దిండి–చించినాడ వంతెన పడమటి దారిని తెరిచింది. ఈ వంతెనలు ప్రజలకు ఎంతో మేలు చేసినా, భారీ సరుకును దూరప్రాంతాలకు చవకగా పంపే సమస్యను మాత్రం తీర్చలేకపోయాయి.

ఆ సమస్య తీవ్రతను అర్థం చేసుకోవాలంటే కోనసీమ ఏమి పండిస్తుందో చూడాలి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ధరలను రాష్ట్రమంతటా వ్యాపారులు గమనిస్తారు. ఇక్కడ కాయ అనేక రూపాల్లో అమ్ముడవుతుంది. నీళ్ళ కోసం కోసిన లేత కాయ బొండాం, పీచు ఒలిచిన ముదురు కాయ పచ్చికాయ, చిప్పలోనే నీరింకి గుండ్రంగా ఎండిన కొబ్బరి కురిడీ. కురిడీకీ, ముదురు కాయకూ పెద్ద గిరాకీ ఉన్నది రాజస్థాన్, గుజరాత్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో. పూజలకూ పండుగలకూ కాయ కొనే ఆ బజార్లకు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దారిని లారీల మీదనే దాటవలసి రావడంతో, డీజిలు ధర పెరిగిన ప్రతిసారీ ఆ భారం తోట దగ్గర రైతుకిచ్చే ధరలో కోతగా దిగుతుంది. పొరుగు రాష్ట్రాల కాయ అదే బజారుకు చేరినప్పుడు, నాణ్యత సమానమైనా రవాణా ఖర్చు తేడాయే బేరాన్ని నిర్ణయిస్తుంది. 1996 నవంబరు 6న వచ్చిన పెనుతుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చినప్పుడు, వేసిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పట్టే పంట మీద ఆధారపడిన కుటుంబాలు ఎంత నిస్సహాయమైనవో తేటతెల్లమైంది.

వరి పరిస్థితి కూడా అటువంటిదే. ఎరువుల ధర, కూలి పెరిగి, మురుగు దిగక పొలాలు మునిగి, ధాన్యానికి తగిన ధర రాక, 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పంట విరామం అంటే నీరూ నేలా ఉన్నా నష్టానికి సాగు చేయలేమని రైతులు తామంతట తాము నాట్లు మానివేయడం. అన్నపూర్ణగా పేరు పొందిన డెల్టాలో ఇది జరగడం దేశాన్ని ఆలోచింపజేసింది. ఆ పక్కనే రొయ్యల, చేపల చెరువులు విస్తరించాయి, ఐసు పెట్టెల్లో త్వరగా తరలిపోవలసిన సరుకు పెరిగింది. ఆత్రేయపురం పూతరేకులు, బండారులంక చేనేత వస్త్రాలు ఊళ్ళ పేర్లను దూరాలకు చేర్చాయి. ఇక నేల అడుగునుంచి సహజవాయువును తవ్వి గొట్టాల ద్వారా తరలించడం దశాబ్దాలుగా సాగుతోంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుంచి ఎగసిన మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు, 2014 జూన్ 27న నగరం గ్రామంలో గొట్టం పేలి ప్రాణాలు పోయాయి. దేశానికి ఇంధనాన్నిచ్చి, దాని ప్రమాదాలను కూడా భరించిన ప్రాంతం తనకొక రైలు మార్గం కావాలని కోరడం న్యాయమైన కోరికే. పని వెతుక్కుంటూ హైదరాబాదుకూ, గల్ఫ్ దేశాలకూ వెళ్ళే వేలాది మంది స్త్రీపురుషుల రాకపోకలను కూడా ఈ లెక్కలో చేర్చాలి.

ఈ కోరికకు ఢిల్లీలో బలమైన గొంతునిచ్చినవారు అమలాపురం నియోజకవర్గం నుంచి ఎన్నికై 1998లో లోక్‌సభ స్పీకరు అయిన జి.ఎం.సి. బాలయోగి. తీసివేసిన కాకినాడ–కోటిపల్లి పట్టాలను మళ్ళీ వేయడమూ, కోటిపల్లి నుంచి కోనసీమ మీదుగా నరసాపురానికి కొత్త మార్గం నిర్మించడమూ ఆయన పట్టుదలతో ముందుకు నడిచిన పనులు. సుమారు 57 కిలోమీటర్ల కోటిపల్లి–నరసాపురం మార్గం 2000–01లో మంజూరైంది. 2002 మార్చి 3న కైకలూరు సమీపంలో జరిగిన హెలికాప్టరు ప్రమాదంలో బాలయోగి మరణించడంతో ఈ పనికి అండగా నిలిచిన నాయకుణ్ణి కోనసీమ కోల్పోయింది. కాకినాడ–కోటిపల్లి మార్గం మాత్రం 2004లో తిరిగి తెరుచుకుంది. అరవై నాలుగేళ్ళ తర్వాత కోటిపల్లి మళ్ళీ టెర్మినస్ అయింది.

తిరిగి వచ్చిన రైలు రైల్‌బస్సు రూపంలో వచ్చింది. ప్రత్యేక ఇంజను లేకుండా, డీజిలు యంత్రాన్ని తనలోనే అమర్చుకొని పట్టాల మీద నడిచే ఒంటి పెట్టెను రైల్‌బస్సు అంటారు. ప్రయాణికులు తక్కువగా ఉండే మార్గంలో ఖర్చు తగ్గించడానికి ఇది మంచి ఉపాయమే. కాని ఒక్క పెట్టె బండి సరుకును మోయలేదు, మెల్లగా నడిచే బండి బస్సుతో పోటీ పడలేదు, రోజుకు కొద్ది సార్లే నడిచే బండిని నమ్మి ఎవరూ తమ పనివేళలను అమర్చుకోలేరు. ఎదుటి గట్టు కోనసీమకు వంతెన లేనంతకాలం ఈ మార్గం 1928 నాటి లోపాన్నే మోసింది. 2020లో కోవిడ్ వ్యాప్తి సమయంలో రైల్‌బస్సు ఆగిపోయింది. మొదటిసారి యుద్ధమూ, రెండోసారి మహమ్మారీ కారణంగా కనిపించినా, రెండు సందర్భాల్లోనూ ఆగినవాటి మొదటి వరుసలో ఈ మార్గం ఉండడానికి మూలకారణం ఒక్కటే. గట్టు దగ్గర ఆగిపోయే మార్గం ఎప్పుడూ సగం మార్గమే.

దీనికి భిన్నంగా నరసాపురం నిలకడగా నిలిచింది. పదిహేడో శతాబ్దంలో ఓడలు కట్టిన రేవుగా పేరుపొందిన ఈ పట్టణం, తరువాత చేతి అల్లికల లేసు పరిశ్రమకు కేంద్రమైంది. అది కూడా టెర్మినసే అయినా, దాని వెనుక భీమవరం, పాలకొల్లు వంటి వర్తక పట్టణాలు నదిని దాటవలసిన అవసరం లేకుండా అదే గట్టు మీద ఉన్నాయి. అందువల్ల నరసాపురం నుంచి హైదరాబాదుకూ, మహారాష్ట్రలోని నాగర్‌సోల్ వరకూ దూరప్రయాణపు రైళ్ళు నడిచే స్థితి వచ్చింది. అంటే చివరి స్టేషను కావడం ఒక ఊరికి శాపం కాదు, పృష్ఠభూమి అందకుండా పోవడమే శాపం. కోటిపల్లికీ నరసాపురానికీ ఉన్న తేడా ఇదే.

కొత్త మార్గం ఈ తేడాను చెరిపివేయగలదు. కోటిపల్లి నుంచి గౌతమిని దాటి ముక్తేశ్వరం, అమలాపురం వైపు సాగి, వైనతేయను బోడసకుర్రు–పాశర్లపూడి ప్రాంతంలో దాటి, రాజోలు ప్రాంతం మీదుగా వసిష్ఠను కూడా దాటి నరసాపురం చేరడం దీని ప్రణాళిక. మూడు పాయల మీద మూడు పెద్ద వంతెనలే ఈ మార్గపు ఖర్చులో ముఖ్య భాగం. 1986 ఆగస్టు వరదలో దవళేశ్వరం వద్ద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అంతటి వరదను తట్టుకోవాలంటే, రాయి తగలని ఒండ్రు నేలలో పునాది బావులను చాలా లోతుకు దించవలసి ఉంటుంది. ఖర్చులో నాలుగో వంతును రాష్ట్ర ప్రభుత్వం భరించే ఒప్పందం మీద సాగిన ఈ పనిలో నిధుల కేటాయింపు ఒడుదుడుకులకు లోనైంది. కోనసీమలో సెంటు సెంటుకూ విలువ ఉన్నందున, చిన్న చిన్న కమతాలుగా ఉన్న కొబ్బరితోటల భూసేకరణ మరింత క్లిష్టమైంది. నదుల్లో స్తంభాలు లేచినా గట్ల మీద కట్ట వెనుకబడడానికి ఇదే కారణం. తోట పోగొట్టుకునే రైతుకు నేల ధరతోపాటు, చెట్టు జీవితకాలమంతా ఇచ్చే రాబడిని కూడా లెక్కగట్టి పరిహారమివ్వడం న్యాయం, పని త్వరగా సాగడానికి అదే మార్గం కూడా.

నిర్మాణంలో మరొక జాగ్రత్త అవసరం. కోనసీమలో వరదకంటే మురుగు పెద్ద శత్రువు. సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉన్న ఈ నేలలో వాన నీరు మెల్లగా కాలువల్లోకి జారి, ఆటుపోట్ల మధ్య సముద్రంలోకి దిగవలసి ఉంటుంది. దానికి అడ్డంగా మైళ్ళ పొడవునా రైలు కట్ట లేస్తే, ఒకవైపు పొలాలు నెలల తరబడి మునిగే ప్రమాదం ఉంటుంది. కనుక కట్టకు తగినన్ని తూములూ, చిన్న వంతెనలూ, అవసరమైన చోట స్తంభాల మీద ఎత్తిన దారీ ఉండాలి. రైలు తెచ్చే లాభాన్ని మురుగు తినివేయకుండా చూడడం ఇంజనీర్ల బాధ్యతే కాక, తమ ఊరి మురుగు కాలువ దారిని వారికి చూపించవలసిన రైతు సంఘాల బాధ్యత కూడా.

పట్టాలు పడగానే సంపద దానంతటదే రాదని కోటిపల్లి రెండుసార్లు నేర్పింది. ఈ రోజుల్లో రైల్వేలు సరుకును ప్రధానంగా రేకుల లెక్కన తీసుకుంటాయి. రేకు అంటే ఒకే సరుకుతో ఒకే చోటికి వెళ్ళే, నలభై వ్యాగన్ల స్థాయి పూర్తి గూడ్సు బండి. ఒక చిన్న కొబ్బరి వ్యాపారి రేకును నింపలేడు, పదిమంది కలిస్తే నింపగలరు. 2020లో అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో నడిచిన కిసాన్ రైలు, చిన్న రైతుల సరుకును కూడగట్టి దూరప్రాంతపు బజారుకు పంపడం సాధ్యమేనని నిరూపించింది. అమలాపురం లేదా అంబాజీపేట సమీపంలో గూడ్సు షెడ్డూ, చేపలకూ రొయ్యలకూ శీతల గిడ్డంగీ, కొబ్బరి రైతుల ఉత్పత్తిదారుల సంఘాలూ ముందే సిద్ధమైతే, రైలు వచ్చిన రోజునే సరుకు కూడా వస్తుంది. కోటిపల్లికి ఇందులో తనదైన పాత్ర ఉంది. ద్రాక్షారామం, కోటిపల్లి, ముక్తేశ్వరం, అయినవిల్లి, అంతర్వేది, పాలకొల్లు క్షేత్రాలను ఒకే వరుసలో కలిపే యాత్రా మార్గం ఈ పట్టాల వెంటనే ఏర్పడుతుంది. వంతెన వచ్చాక పంటు నడిపినవారి జీవనాధారం పోకుండా, నదీ విహారానికీ, తీర్థ స్నానాల ఏర్పాట్లకూ వారి నైపుణ్యాన్ని వినియోగించుకోవడం పాలకుల కర్తవ్యం.

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు గౌతమి తూర్పు గట్టు మీది కోటిపల్లిని కూడా అందులో చేర్చారు. నది ఇకపై పాలనకు హద్దు కాదని ఆ నిర్ణయం చెప్పింది. వాణిజ్యానికి కూడా అది హద్దు కాకూడదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యేదాకా ఈ డెల్టా కరవు నేల. ఒక్క కట్టడాన్ని చివరిదాకా పూర్తి చేసినందువల్లనే అది అన్నపూర్ణ అయింది. ఆనకట్ట సగంలో ఆగి ఉంటే ఒక్క ఎకరం కూడా తడిసేది కాదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా పట్టాల విషయంలోనూ అదే సూత్రం వర్తిస్తుంది. కనుక కోనసీమ ప్రజలూ, వారి ప్రతినిధులూ, వర్తక సంఘాలూ, రైతు సంఘాలూ పార్టీల భేదం లేకుండా కోరవలసింది ఒక్కటే: మూడు వంతెనలూ, వాటి మధ్యనున్న కట్టా, మురుగు దారులూ ఒకే పనిగా, ఒక గడువులోగా పూర్తికావాలి. రెండు రేవులనూ ఒకే మార్గం కలిపిన నాడే కోటిపల్లి పూర్తి అర్థంలో రైల్వే ఊరవుతుంది.